పార్కులో విడిపోయినా మళ్లీ కలిసేలా: రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్లా వెళ్లే పెద్ద కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

పెద్ద కుటుంబం రామోజీ ఫిల్మ్ సిటీకో, వండర్లాకో వెళ్లినప్పుడు అందరూ ఒక్కచోట ఉండేది గేటు దగ్గర గ్రూపు ఫొటో దిగేదాకానే. ఆ తర్వాత కుర్రాళ్లు రోలర్ కోస్టర్ వైపు, చిన్నపిల్లలున్న తల్లులు మరోవైపు, తాతయ్య నీడ వెతుక్కుంటూ ఇంకోవైపు వెళ్తారు. అందులో తప్పేమీ లేదు. రోజంతా అందరూ ఒకే గుంపుగా తిరిగితే ఎవరికీ సరదా ఉండదు. చిక్కంతా మళ్లీ కలుసుకోవడంలోనే. "ఎక్కడున్నారు?" "ఇక్కడే ఉన్నాం." "ఇక్కడే అంటే ఎక్కడ?" అంటూ ఫోన్లోనే మధ్యాహ్నం గడిచిపోతుంది.

ఫోన్లు ఉన్నాయి కదా అనే ధీమాతోనే చాలామంది బయల్దేరతారు. కానీ వండర్లాలో నీళ్లలోకి దిగే ముందు ఫోన్ లాకర్లో పెట్టాలి. పెద్ద రైడ్ ఎక్కే ముందు జేబులు ఖాళీ చేయాలి. షో జరిగే చోట స్పీకర్ల హోరులో రింగు వినపడదు. ఫొటోలు, వీడియోలతో సాయంత్రానికి బ్యాటరీ అయిపోతుంది. అంటే, సరిగ్గా అవసరం పడే వేళకే ఫోన్ పనికిరాకుండా పోతుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఫోన్‌ది రెండో స్థానం. ముందుగా మాట్లాడుకున్న చోటు, గడియారం చూసి అనుకున్న టైము, ఈ రెండిటిదే మొదటి స్థానం.

ముందు రోజు రాత్రి: జట్లు, జట్టు పెద్దలు

మొదటి పని ఇంట్లోనే అయిపోవాలి. మొత్తం మందిని నలుగురైదుగురి జట్లుగా విడగొట్టండి. ప్రతి జట్టుకీ ఒక పెద్ద ఉండాలి. వయసులో పెద్ద అని కాదు, ఫోన్ చూసుకునే అలవాటు, టైముకి వచ్చే అలవాటు ఉన్నవాళ్లు. ఇరవై ఏళ్ల మేనకోడలు ఈ పని బాబాయ్ కన్నా బాగా చేయగలిగితే ఆమెకే ఇవ్వండి. జట్లు కట్టేటప్పుడు కుటుంబాల వారీగా కాకుండా, ఎవరికి ఏ రైడ్లు ఇష్టమో చూసి కట్టండి. రైడ్లకు ఎత్తు పరిమితులు ఉంటాయి. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఎక్కగలిగిన రైడ్ చిన్నవాడు ఎక్కలేడు. ఒకే జట్టులో పెడితే ప్రతి క్యూ దగ్గరా ఆ జట్టు మళ్లీ రెండుగా చీలుతుంది.

ఇలా చేస్తే లెక్క తేలికవుతుంది. ఇరవై మందిని ఒకరే లెక్కపెట్టడం కష్టం, ఎప్పుడూ ఒకరు తక్కువో ఎక్కువో వస్తారు. ఐదుగురిని లెక్కపెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. జట్టు పెద్దలు నలుగురు "మా వాళ్లు పూర్తి" అంటే మొత్తం పూర్తయినట్టే.

ఇక చిన్నపిల్లల సంగతి. పెద్ద కుటుంబాల్లో పిల్లలు తప్పిపోయేది పట్టించుకునేవాళ్లు లేక కాదు, మరీ ఎక్కువమంది ఉండటం వల్ల. తల్లి పిన్ని దగ్గర ఉన్నాడనుకుంటుంది, పిన్ని అత్తయ్య దగ్గర ఉన్నాడనుకుంటుంది, అత్తయ్య వాడు వాళ్లమ్మ దగ్గరికే వెళ్లాడనుకుంటుంది. దీనికి మందు ఒక్కటే: పిల్లాడిని అప్పగించేటప్పుడు నోటితో చెప్పాలి. "అత్తయ్యా, చిన్నోడు ఇప్పుడు నీ దగ్గర" అనాలి. అవతలివాళ్లు "సరే, నా దగ్గరే" అని జవాబివ్వాలి. ఆ జవాబు వినిపించేదాకా పిల్లాడు మీ బాధ్యతే. కళ్లతో సైగ చేయడం, వాడు అటు పరిగెత్తడం చూసి ఊరుకోవడం అప్పగింత కిందికి రావు. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క విషయమే పాటించే ఓపిక ఉంటే, ఇదే పాటించండి.

వాట్సాప్ గ్రూపు, జేబులో చీటీ

ఈ ఒక్క రోజు కోసం కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టండి. ఇంటి గ్రూపులో వద్దు. అందులో ఊళ్లో ఉన్న పెద్దమ్మ గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య "1:30కి భోజనం" అనే మెసేజ్ మునిగిపోతుంది. కొత్త గ్రూపులో వస్తున్నవాళ్లు మాత్రమే ఉండాలి. ఫొటోలన్నీ ఇంటికి వచ్చాక పంచుకుందామని మొదటే చెప్పేయండి. వాట్సాప్‌లో మెసేజ్‌ని పిన్ చేసే వీలుంది. కలుసుకునే చోట్లు, టైములు, బండి నంబరు, డ్రైవరు నంబరు, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాసి 24 గంటలకు పిన్ చేయండి. అప్పుడు వెనక్కి స్క్రోల్ చేసి వెతుక్కునే పని ఉండదు.

దాంతో పాటు చీటీ కూడా కావాలి. ఈ రోజుల్లో భార్య నంబరు భర్తకీ, భర్త నంబరు భార్యకీ నోటికి రావడం లేదు. ఫోన్ ఆరిపోయినా, నీళ్లలో పడినా, పక్కవాళ్ల ఫోన్ అడిగి మాట్లాడాలంటే నంబరు తెలియాలి కదా. చిన్న చీటీ మీద ఇద్దరు జట్టు పెద్దల నంబర్లు, బండి నంబరు, డ్రైవరు నంబరు రాసి, ప్రతి పెద్దవాళ్ల జేబులో, పర్సులో ఒకటి పెట్టండి. అమ్మమ్మకి, తాతయ్యకి తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. వాళ్లు రోజూ వేసుకునే మందుల పేర్లు వెనక వైపు రాస్తే ఇంకా మంచిది. తడవకుండా చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

పిల్లలకు నంబరు చేతి మీదే రాయాలి. బాల్ పెన్ చెమటకే పోతుంది, మార్కర్ అయితే కాసేపు నిలుస్తుంది. నీళ్లలో ఆడాక, సన్‌స్క్రీన్ రాశాక అదీ వెలిసిపోతుంది కాబట్టి మధ్యలో ఒకసారి చూసి మళ్లీ దిద్దండి. మణికట్టుకి కట్టే బ్యాండ్ లోపలి వైపు రాసినా సరే. పిల్లల పేరు మాత్రం చొక్కా మీద పైకి కనపడేలా రాయొద్దు. ముక్కూమొహం తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు.

గేటు దగ్గర పది నిమిషాలు

దిగగానే అందరికీ లోపలికి వెళ్లాలనే తొందర. ఒక్క పది నిమిషాలు ఆపండి.

ముందు బండి సంగతి. నిలిపిన వరుస, దగ్గర్లోని బోర్డు, బండి నంబరు ప్లేటు కనపడేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. టెంపో ట్రావెలర్లన్నీ సాయంత్రం చీకట్లో ఒకేలా కనపడతాయి. డ్రైవరు భోజనానికి వెళ్లినా, బండి చోటు మార్చినా తెలియజేయమని చెప్పి, మీ నంబరుతో పాటు ఇంకొకరి నంబరు కూడా ఆయనకు ఇవ్వండి.

తర్వాత ప్రతి పిల్లాడికీ, ప్రతి పెద్దాయనకీ ఆ రోజు వేసుకున్న బట్టల్లో తల నుంచి కాళ్ల దాకా ఒక ఫొటో తీయండి. టెన్షన్‌లో ఉన్న తల్లికి పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో గుర్తు రాదు. సిబ్బందికి చూపించడానికి నిరుడు పుట్టినరోజు ఫొటో కన్నా ఈ పూట ఫొటో వందరెట్లు నయం.

అందరికీ ఒకే రంగు టీషర్టులు వేసే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. రామోజీ ఫిల్మ్ సిటీలో అది పనికొస్తుంది, దూరం నుంచే మనవాళ్లెవరో తెలుస్తుంది. నీళ్ల పార్కులో పనికిరాదు, ఎందుకంటే మధ్యాహ్నానికి అందరూ నైలాన్ బట్టల్లోకి మారతారు. అక్కడ పిల్లల స్విమ్ డ్రెస్సు రంగు ముఖ్యం. నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్లలో కలిసిపోతాయి. నారింజ, ముదురు గులాబీ, మెరిసే ఆకుపచ్చ రంగులు దూరానికి కూడా కనపడతాయి. కొనేటప్పుడే చూసుకోండి.

కలుసుకునే చోటు ఎలా ఎంచుకోవాలి

"ఫుడ్ కోర్టు దగ్గర" అంటే చోటు కాదు, ప్రాంతం. అందులో నలభై అడుగుల దూరంలో ఉన్నా రెండు జట్లు ఒకరికొకరు కనపడరు. చోటు అంటే చేత్తో తాకి చూపించగలిగేది: ఒక విగ్రహం, ఒక మెట్ల వరస మొదలు, ఫలానా కౌంటరుకు ఎడమ పక్కనున్న స్తంభం. అది నీడలో ఉండాలి, కూర్చోవడానికి వీలుండాలి, టాయిలెట్లు దగ్గర్లో ఉండాలి, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. పెద్ద షో జరిగే వేదిక ముందు మాత్రం పెట్టుకోవద్దు. పొద్దున ఖాళీగా ఉన్న ఆ చోటే సాయంత్రం కిక్కిరిసిపోతుంది. అనుకున్న చోటుకి అందరినీ ఒకసారి నడిపించి చూపించండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. పిల్లలను అడగండి: "మనం కలుసుకునే చోటు ఏది?" వాళ్లు వేలు పెట్టి చూపించాలి.

రామోజీ ఫిల్మ్ సిటీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 1996లో మొదలైన ఈ స్టూడియో విస్తీర్ణం గిన్నిస్ రికార్డు ప్రకారం 1,666 ఎకరాలు. హైదరాబాద్–విజయవాడ రహదారి వైపు బండి నిలిపి, అక్కడి నుంచి వాళ్ల బస్సులో చాలా దూరం లోపలికి వెళ్తే యురేకా అనే కేంద్రం వస్తుంది. అందుకే ఇక్కడ "ఏమైనా అయితే బండి దగ్గర కలుద్దాం" అనేది తప్పు సలహా. బండి దగ్గరికి మళ్లీ బస్సెక్కి రావాలి, వెనక్కి మళ్లీ బస్సెక్కి వెళ్లాలి. యురేకాలోనే ఒక గుర్తు ఎంచుకోండి. షోలు, తిండి, టూర్ బస్సులు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి ఎటు వెళ్లినా చివరికి అక్కడికే చేరతారు.

ఇక టూర్ బస్సుల్లో జరిగే తంతు ఒకటుంది. సెట్లు, తోటలు చూపించే బస్సు ఒకచోట దింపుతుంది, చూసుకుని ఇంకో బస్సెక్కాలి. సగం మంది ఎక్కగానే బస్సు నిండిపోతుంది, మిగతావాళ్లు కిందే ఉండిపోతారు. అప్పుడు ఎక్కినవాళ్లు దిగాలా, దిగువన ఉన్నవాళ్లు పరిగెత్తాలా అన్న గందరగోళంలోనే పిల్లలు చేయి వదిలేస్తారు. దీనికి ముందే నియమం పెట్టుకోండి: జట్టు మొత్తం పడితేనే ఎక్కాలి, లేకపోతే తర్వాతి బస్సు. వేర్వేరు జట్లు వేర్వేరు బస్సుల్లో వెళ్లొచ్చు. ముందు వెళ్లిన జట్టు తర్వాతి దిగే చోట ఆగి చూడనక్కర్లేదు, నేరుగా యురేకా గుర్తు దగ్గరే కలుస్తారు. ఒకవేళ ఎవరైనా పొరపాటున ఒంటరిగా బస్సెక్కేస్తే, మొదటి ఆపులో దిగి అక్కడే నిలబడాలి. వెనక వచ్చేవాళ్లు అదే దారిలో వస్తారు.

"కాసేపాగి" వద్దు, గడియారం కావాలి

మన ఇళ్లలో టైము చెప్పే తీరు అందరికీ తెలిసిందే. "ఒక రైడ్ ఎక్కి వచ్చేస్తాం" అంటారు. ఆదివారం క్యూలో ఆ ఒక్క రైడ్‌కే గంట పట్టొచ్చు. కాబట్టి గంటల్లో చెప్పండి: 1:30కి భోజనం, 4:30కి టీ, 6:30కి చివరి కలయిక. రోజుకి ఈ మూడు చాలు. ఇంతకన్నా ఎక్కువ పెడితే కుర్రాళ్లు ఒక్కదానికీ రారు.

ప్రతి కలయికకీ పావుగంట వెసులుబాటు ఇవ్వండి. పావుగంట దాటాక వచ్చినవాళ్లు తినడం మొదలుపెట్టాలి, రానివాళ్ల కోసం ఎవరూ వెతుక్కుంటూ వెళ్లకూడదు. పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు ఒక కలయిక తప్పితే తర్వాతి దానికి వస్తారని ముందే అనుకుంటే ఆందోళన ఉండదు. చిన్నపిల్లలున్న జట్టు మాత్రం తప్పకుండా కబురు పెట్టాలి.

ఇదంతా నడవాలంటే ప్రతి జట్టులో ఒకరి చేతికి వాచీ ఉండాలి. టైము చూడటానికి అందరూ ఫోన్ మీదే ఆధారపడతారు, ఆ ఫోనేమో లాకర్లో ఉంటుంది. నీళ్లు తగిలినా పాడవని చవక డిజిటల్ వాచీ చాలు. పార్కు కోసం ఏదైనా కొనాలనుకుంటే ఖరీదైన ట్రాకర్ల కన్నా ముందు నేను దీన్నే కొనమంటాను.

ఫోన్‌ని సరిగ్గా వాడుకోవడం

జట్టుకి ఒక ఫోన్‌ని మాటల కోసం పక్కన పెట్టండి. ఆ ఫోన్‌తో ఫొటోలు, రీల్స్ తీయకూడదు. ఇంకొకరి ఫోన్‌తో ఎన్నైనా తీసుకోండి. మాటల ఫోన్‌ని వైబ్రేషన్‌లో పెట్టి, సంచీలో కాకుండా ఒంటికి ఆనేలా జేబులో పెట్టుకోవాలి. పవర్ బ్యాంక్ ఉంటే తాతయ్య వాళ్లు కూర్చునే జట్టు దగ్గర ఉంచండి, అందరూ వచ్చి పోయేది అక్కడికే.

హోరులో కాల్ చేసి అరవడం కన్నా మెసేజ్ మేలు. మెసేజ్‌లో మూడు ముక్కలుండాలి: ఎవరు, ఎక్కడ, ఎప్పటిదాకా. "రమ్య జట్టు, వేవ్ పూల్ పక్క మెట్లు, 3:15 దాకా" అంటే చాలు. "వచ్చేస్తున్నాం" అనే మెసేజ్‌తో ఎవరికీ ఏమీ తెలియదు. టైపు చేయడం రాని పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్ పంపొచ్చు. రద్దీలో డేటా ఆగిపోతే వాట్సాప్ మెసేజ్ ఒక్క టిక్కు దగ్గరే నిలిచిపోతుంది. అప్పుడు మామూలు ఎస్ఎంఎస్ పంపండి. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిగ్నల్ కొద్దిగా ఉన్నా వెళ్లిపోతుంది. మిస్డ్ కాల్ కూడా మంచి సాధనమే. ఒక మిస్డ్ కాల్ అంటే "చోటుకి చేరాం", వెంటవెంటనే రెండు అంటే "వెంటనే ఫోన్ చేయండి" అని ముందే అనుకుంటే అమ్మమ్మ కూడా వాడగలదు.

లైవ్ లొకేషన్ గురించి చాలామందికి అతి నమ్మకం. వాట్సాప్‌లో దాన్ని 15 నిమిషాలు, గంట, 8 గంటలు, ఇలా మూడు రకాలుగా పంచుకోవచ్చు. పొద్దున్నే 8 గంటలకు పెట్టేస్తే బ్యాటరీ తినేస్తుంది. పైగా ఫోన్ లాకర్లో పెడితే మ్యాప్‌లో లాకరు గది కనపడుతుంది తప్ప మనిషి కనపడడు. కట్టడం లోపల చుక్క అటూ ఇటూ జరుగుతుంది, డేటా లేకపోతే ఎప్పటిదో పాత చోటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే దాన్ని రోజంతా కాపలాకి కాకుండా, వెతుక్కుంటూ దగ్గరికి వచ్చాక చివరి వంద అడుగుల కోసం 15 నిమిషాలు వాడండి. రెండు జట్లూ నడుస్తూ ఉంటే మ్యాప్ చూసినా కలవలేరు. ఒకరు నిలబడాలి, ఒకరు రావాలి. ఎవరు నిలబడాలో మొదటి మాటలోనే తేల్చుకోండి.

వాకీటాకీల ఆలోచన కొందరికి వస్తుంది, ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చే అన్నయ్యలు, బావలు సంచీలో ఒక జత తెస్తుంటారు. అక్కడ లైసెన్సు లేకుండా వాడే సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా అనుమతించింది తక్కువ శక్తితో పనిచేసే 446.0–446.2 మెగాహెర్ట్జ్ సెట్లను మాత్రమే, అవి కూడా ఆమోదం పొందిన పరికరాలై ఉండాలి. అక్కడివి ఇక్కడ వాడటం చట్టవిరుద్ధం. వాటిని ఇంట్లోనే వదిలేయండి.

నీళ్ల దగ్గర, రైడ్ల దగ్గర

రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2016లో మొదలైన వండర్లా దాదాపు 50 ఎకరాలే. రామోజీ ఫిల్మ్ సిటీతో పోలిస్తే చిన్నది, నడిచి చుట్టి రావొచ్చు. అయినా అక్కడే ఎక్కువ విడిపోతారు, కారణం బట్టలు మార్చుకునే గదులు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు వెళ్తారు. ఎనిమిదేళ్ల అబ్బాయి నాన్నతో లోపలికి వెళ్లి, నాన్న లాకరు సర్దుతుండగానే గబగబా మార్చుకుని బయటికి పరిగెత్తుతాడు, అమ్మ ఇంకా వచ్చి ఉండదు. కాబట్టి మార్చుకునే గది బయట ఒక గోడ చూపించి, "ఎవరు ముందు వచ్చినా వీపు ఈ గోడకి ఆనించి నిలబడాలి, నీళ్ల వైపు అడుగు వేయకూడదు" అని చెప్పండి. పిల్లలకు ఇలా ఒంటికి తెలిసే ఆనవాలు ఇస్తే పాటిస్తారు.

నీళ్లలోకి దిగని ఒకరు ప్రతిసారీ ఒడ్డున ఉండాలి. ఆ మనిషి దగ్గరే ఫోను, లాకరు తాళం, తువ్వాళ్లు ఉంటాయి. ఎప్పుడూ అమ్మమ్మనే కూర్చోబెట్టడం న్యాయం కాదు, గంటకొకరు మారండి. మారేటప్పుడు ఇందాక చెప్పిన అప్పగింత మాట ఇక్కడా అనాలి. వేవ్ పూల్‌లో అలలు మొదలవగానే జనమంతా ఒక్కసారి లోపలికి దూసుకెళ్తారు. ఆ సమయంలో చిన్నపిల్లలకు చేయి అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి నీళ్లలోనే ఉండాలి. ఒడ్డున కూర్చుని చూస్తున్నాం అంటే సరిపోదు, ఫోన్ చూస్తూ కూర్చుంటే అసలే సరిపోదు.

రైడ్ల దగ్గర గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. వెనక్కి కూడా పరుగెత్తే రీకాయిల్ లాంటి కోస్టర్ దిగి, తల తిరుగుతూ బయటికి వచ్చినవాళ్లు ఎటో తేలతారు. కింద ఉన్నవాళ్లు ఎక్కిన దారి దగ్గరే చూస్తూ ఉంటారు. క్యూలో నిలబడే ముందే దిగే దారి ఎక్కడో సిబ్బందిని అడిగి, ఆగేవాళ్లను అక్కడ నిలబెట్టండి. ఆగేవాళ్లు కదలకూడదు, దిగినవాళ్లే వాళ్ల దగ్గరికి రావాలి.

ఎవరైనా కనపడకపోతే

పిల్లలకు ముందే నేర్పాల్సింది మూడు మాటల్లో: ఆగు, అరువు, అడుగు. ఉన్నచోటే ఆగాలి. అమ్మ పేరు పెట్టి గట్టిగా అరవాలి, ఎందుకంటే "అమ్మా" అంటే అక్కడున్న తల్లులందరూ తిరుగుతారు. ఆ తర్వాత యూనిఫాం వేసుకున్న సిబ్బందిని గానీ, పిల్లలతో ఉన్న ఒక ఆంటీని గానీ అడగాలి. ఎవరు రమ్మన్నా గేటు బయటికి వెళ్లకూడదు. ఇది కారులో వెళ్తూ రెండు మూడుసార్లు ఆటలా ఆడించండి.

పెద్దవాళ్లు చేయాల్సింది ఇది. అందరూ తలో దిక్కుకి పరిగెత్తొద్దు. చివరిసారి చూసిన చోట ఒకరు కదలకుండా ఉండాలి, పిల్లలు చాలాసార్లు అక్కడికే తిరిగి వస్తారు. దగ్గర్లో నీళ్లుంటే మొదట వెతకాల్సింది నీళ్లలోనే, తక్షణమే లైఫ్ గార్డుకి చెప్పాలి. ఇంకొకరు పొద్దున తీసిన ఫొటో చూపించి దగ్గరి సిబ్బందికి చెప్పాలి. వాళ్లకు వాకీటాకీలు ఉంటాయి, గేటుకి కబురు వెళ్తుంది, మైకులో చెప్పిస్తారు. "ఇంకో ఐదు నిమిషాలు మనమే చూద్దాం, నలుగురిలో ఎందుకు" అనే మొహమాటం వద్దు. రోజూ ఇలాంటివి చూసే సిబ్బంది ఎవరినీ తప్పుగా అనుకోరు. గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, మిగతా జట్లన్నీ తమ పిల్లలను లెక్కపెట్టుకుని ఉన్నచోటే ఉండాలి. అప్పటికీ దొరకకపోతే 112కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయొచ్చు. దొరికాక వాడిని తిట్టకండి. తిట్లు తింటానన్న భయం ఉన్న పిల్లాడు వచ్చేసారి దాక్కుంటాడు.

పెద్దవాళ్లు తప్పిపోయినప్పుడు ఎవరూ అంత కంగారుపడరు, "వస్తారులే" అంటారు. ఎండలో, మందుల వేళ దాటిపోయిన బీపీ, షుగరు మనిషికి గంటసేపు తిరగడం ప్రమాదమే. పిల్లాడి విషయంలో ఎంత త్వరగా చెబుతారో అంత త్వరగానే చెప్పండి.

అమెరికాలో అమ్మానాన్నలతో డిస్నీకి వెళ్తే

వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను ఓర్లాండోకో, అనహైమ్‌కో తీసుకెళ్లడం ఇప్పుడు మామూలే. అక్కడ చిక్కు వేరు. వాళ్ల ఫోన్లో ఇండియా సిమ్ ఉంటుంది, రోమింగ్ ఆపేసి ఉంటుంది, రోజంతా కొడుకు ఫోన్ హాట్‌స్పాట్ మీద వాట్సాప్ నడుస్తుంది. కొడుకు, కోడలు, పిల్లలు రైడ్‌కి వెళ్లగానే హాట్‌స్పాట్ కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. అమ్మానాన్నలు విడిగా ఉన్నప్పుడే ఫోన్ కావాలి, సరిగ్గా అప్పుడే అది మూగబోతుంది. నెల రోజులకు ఒక చవక ప్రీపెయిడ్ సిమ్ గానీ, ఈ-సిమ్ గానీ వేయించండి. డిస్నీ పార్కుల్లో ఉచిత వైఫై ఉంటుంది, దాన్ని కూడా గేటు దగ్గరే వాళ్ల ఫోన్లో కలిపి, ఒకసారి మీకు కాల్ చేయించి చూడండి. మీ నంబరు ముందు +1 తో సేవ్ చేయడం మరవకండి.

వాళ్ల జేబులో ఇంగ్లిషులో రాసిన కార్డు ఉండాలి: పేరు, మీ ఇద్దరి నంబర్లు, వేసుకునే మందులు, "నాకు తెలుగు వచ్చు, దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేయండి" అన్న వాక్యం. ఇంగ్లిషు తడబడే నాన్నగారు కార్డు చూపిస్తే చాలు. అత్యవసరానికి అక్కడి నంబరు 911. చిన్నపిల్లలు తప్పిపోతే డిస్నీలో బేబీ కేర్ సెంటర్‌కి చేరుస్తారు, అదెక్కడుందో వెళ్లగానే చూసుకోండి. ఎత్తు చాలని పసివాళ్లుంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పసివాడితో బయట ఉంటే ఇంకొకరు రైడ్ ఎక్కుతారు, తర్వాత మొదటి మనిషి మామూలు క్యూలో మళ్లీ మొదటి నుంచి నిలబడకుండా ఎక్కొచ్చు. పసివాడిని ఊరికే అమ్మమ్మకి అప్పగించేసి అందరూ వెళ్లాల్సిన పని తప్పుతుంది.

ఓర్లాండోలో 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు పార్కింగ్ నుంచి మోనోరైల్లోనో, పడవలోనో వెళ్లాలి. అక్కడా "కారు దగ్గర కలుద్దాం" పనికిరాదు. బాణాసంచా అయ్యాక జనమంతా ఒకే దారిలో కదులుతారు, ఆ గుంపులో అమ్మానాన్నలతో నడవడం కష్టం. బాణాసంచా మొదలవక ముందే పక్కగా ఒక బెంచీ దగ్గర కూర్చోబెట్టి, సగం జనం వెళ్లాక బయల్దేరండి.

తిరుగు ప్రయాణం

రామోజీ ఫిల్మ్ సిటీలో ముగింపు వేడుక అయ్యాక పార్కింగ్ వైపు వెళ్లే బస్సుల కోసం ఇలాగే తోపులాట ఉంటుంది. అందరూ అలిసిపోయి, పిల్లలు నిద్రతో తూలుతూ, ఫోన్లు ఆరిపోయి ఉండే సమయం అది. చివరి కలయిక వేడుక మొదలవక ముందే పెట్టుకుని, జట్టు జట్టుగా కూర్చుని చూడండి. బస్సు వరుసలోకి అడుగు పెట్టే ముందు ఒకసారి, పార్కింగ్‌లో దిగాక ఒకసారి, బండి కదిలే ముందు ఒకసారి లెక్క చూడండి. "అందరూ వచ్చారా?" అని బండిలోకి కేక వేయొద్దు. రానివాళ్లు దానికి జవాబివ్వలేరు. జట్టు పెద్దలు ఒక్కొక్కరే తమ వాళ్ల పేర్లు పిలిచి, మొహం చూసి "పూర్తి" అనాలి. నాలుగు జట్ల నుంచీ ఆ మాట వచ్చాకే డ్రైవరుకి బయల్దేరమని చెప్పండి.